అంగారకుడి కాలువల నుంచి మేడిగడ్డ దాకా

1894లో పెర్సివల్ లోవెల్ అనే సంపన్న అమెరికన్ అరిజోనాలోని ఫ్లాగ్‌స్టాఫ్ దగ్గర గుట్ట మీద సొంత డబ్బుతో ఒక వేధశాల కట్టించుకున్నాడు. రాత్రుళ్ళు దుర్భిణికి కన్ను ఆనించి అంగారకుణ్ణి చూసేవాడు. ఆ గ్రహం మీద తనకు కనిపించిన సన్నటి గీతలన్నిటినీ కాగితం మీదికెక్కించి, అవి కాలువలని తేల్చేశాడు. అంగారకుడు ఎండిపోతున్న లోకమనీ, అక్కడి తెలివైన జీవులు ధ్రువాల దగ్గర కరిగే మంచునీళ్ళను గ్రహమంతా పారించుకుని బతుకుతున్నారనీ పుస్తకాలు రాశాడు. అంత పెద్ద కాలువల పని కలిసి చేసుకున్నవాళ్ళు తమలో తాము యుద్ధాలు మానేసే ఉంటారని కూడా ఊహించాడు. 1965 జూలైలో మారినర్-4 వ్యోమనౌక ఆ గ్రహం పక్కనుంచి పోతూ ఫొటోలు తీసింది. కాలువలు లేవు. గుంతలున్నాయి.

అప్పటికి డెబ్బై ఏళ్ళుగా ఆ కాలువల వెంట కథలు సాగుతూనే ఉన్నాయి. అందులో వింతేమీ లేదు. గోదావరికి ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పడింది 1852లో, సూయెజ్ కాలువ తెరిచింది 1869లో. ఇంజనీర్ల మాటకు ఎదురులేని రోజులవి. భూమ్మీద కాలువ తవ్వి కరువును తరిమినవాడు ఆకాశంలోనూ కాలువలే చూశాడు. 1908లో రష్యన్ రచయిత అలెగ్జాండర్ బొగ్దానోవ్ 'ఎర్ర నక్షత్రం' నవలలో అంగారకుడి మీద ఒక సమసమాజాన్నే నిలబెట్టాడు. అక్కడ దోపిడీ లేదు, డబ్బు లేదు. అయితే బొగ్దానోవ్ నిజాయితీ గల రచయిత. ఐదేళ్ళకు 'ఇంజనీర్ మెన్ని' అనే మరో నవల రాసి, ఆ స్వర్గానికి పునాది వేసిన కాలువల తవ్వకం ఎలా సాగిందో చెప్పాడు. కాలువ ఏ దారిన పోవాలన్న తగాదా, కాంట్రాక్టులు పట్టినవాళ్ళ అవినీతి, కూలీల చావులు అన్నీ అందులో ఉన్నాయి.

సైన్స్ ఫిక్షన్ రచయితలు కాగితం మీద పరీక్షించిన ఈ నీటి కలను తెలంగాణలో నేల మీదే పరీక్షించారు, అదీ ఒక్కసారి కాదు. 2016 అక్టోబరు 11న ప్రధానంగా పాత వరంగల్ జిల్లా ముక్కలై జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడ్డాయి. ఈ మూడింటి చరిత్రను నీళ్ళ వెంట చదివితే స్వర్గం కట్టాలన్న పూనిక ఎన్నిసార్లు లేచిందో, ప్రతిసారీ అది ఎక్కడ చిల్లుపడిందో తెలుస్తుంది.

మొదటి పూనిక ఎనిమిది వందల ఏళ్ళ నాటిది. ఇప్పటి మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో ఒక పెద్ద చెరువుంది. దాన్ని తవ్వించింది ఒక స్త్రీ. కాకతి గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ. చెరువుకు ఆమె పెట్టిన పేరు ధర్మకీర్తి సముద్రం. ఆమె వేయించిన శాసనంలోనే కాకతీయుల తొలి తరాల వంశక్రమం చరిత్రకారులకు దొరికింది. అంటే ఒక రాజవంశం ఎక్కడి నుంచి మొదలైందో చెప్పే సాక్ష్యం కోటగోడ మీద కాక చెరువు దగ్గర దొరికిందన్నమాట. గణపతిదేవుడు 1199 నుంచి 1262 దాకా ఏలాడు. ఆయన సేనాని రేచర్ల రుద్రుడు 1213లో రామప్ప గుడి కట్టించాడు. గుడికి కూతవేటు దూరంలో రామప్ప చెరువుంది. భూపాలపల్లికి దగ్గరి గణపురంలో కోటగుళ్ళున్నాయి, గణపసముద్రం ఉంది. ఊరు, గుడి, చెరువు మూడూ కలిపి కట్టడమే ఆనాటి పద్ధతి. అడవి నరికి కొత్త ఊళ్ళు వేసేటప్పుడు ముందు చెరువు కట్ట లేచేది.

ఈ ఏర్పాటులో ఉన్న సాంకేతిక తెలివిని తక్కువ చేయలేం. జనగామ, మహబూబాబాద్ వైపు నేలకింద గట్టి నల్లరాయి, గ్రానైటు. పైన పలచటి ఎర్రమట్టి. వానలు ఏడాదిలో నాలుగు నెలలు పడతాయి, అదీ ఒక్కో రోజు కుండపోతగా. అలాంటి చోట నది మీద పెద్ద ఆనకట్ట కన్నా, వాలు వెంట ఒకదాని కింద ఒకటిగా కట్టిన గొలుసుకట్టు చెరువులు నయం. పై చెరువు నిండితే మత్తడి దుంకి కింది చెరువులోకి నీళ్ళు పోతాయి. తూము తెరిస్తే ఆయకట్టు తడుస్తుంది. ఇంకిన నీళ్ళు బావుల్లో ఊరతాయి. ఏటా కొట్టుకొచ్చే ఒండ్రుమట్టిని ఎండాకాలం బండ్లకెత్తి చేలల్లో పోసుకుంటారు. ఏ మోటారూ లేకుండా, నేల వాలే యంత్రంగా నడిచిన వ్యవస్థ ఇది. చెరువు తవ్వించి నిలబెట్టినవాళ్ళకు దాని కింద సాగయ్యే భూమిలో కొంత దశబంధ మాన్యంగా దక్కేది. కట్టడంతో పని అయిపోదనీ, నిలబెట్టడానికి కూడా ఒక ఆదాయం చూపించాలనీ ఆ కాలానికి తెలుసు.

నిలబెట్టే మనిషి పేరు నీరటి. కట్టకు ఎక్కడ బుంగ పడుతుందో, ఏ తూము చెక్క వదులైందో, ఎవరి మడికి నిన్న తడి అందలేదో అతనికి తెలుసు. వాన రాత్రి లాంతరు పట్టుకుని కట్ట మీద నడిచేది అతనే. బుంగ కనిపిస్తే గడ్డి, కంప, మట్టి తెచ్చి మూసేదీ అతనే. నీళ్ళు తక్కువైన యాసంగిలో ఊరి పెద్దలు కూర్చుని తైబందీ వేస్తారు. ఈసారి ఏ పొలాలు తడవాలి, ఏవి బీడు పడాలి అన్నది అక్కడ తేలుతుంది. ఆ మాట అమలు చేయడం నీరటి పని. కూలి కల్లం దగ్గర వడ్ల రూపంలో ముట్టేది. కట్ట మీద మైసమ్మ గుడి ఉంటుంది. చెరువు నిండితే బోనాలు, కోడి. కట్ట తెగితే ఊరు పోతుందన్న భయానికి ఒక దేవతను, ఒక మనిషిని కాపలా పెట్టుకున్నారు.

ఇక్కడ ఆగితే అది కూడా ఒక కట్టుకథే అవుతుంది. కాకతీయుల చెరువుల గురించి రాసేవాళ్ళు చాలామంది ఇక్కడే ఆగుతారు.

నీరటి పని చేసింది ఎక్కువగా దళిత, వెనుకబడిన కులాలవాళ్ళు. కట్ట కాపాడినవాడి పొలం చాలాసార్లు ఆయకట్టులో ఉండేది కాదు. చెరువు కింది తరి భూముల్లో మేలైనవి దొరల చేతుల్లో ఉండేవి. నిజాం కాలానికి జనగామ తాలూకాలో ఇది ఎంత ముదిరిందో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. విస్నూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి గడీ కింద పదుల ఊళ్ళు, వేల ఎకరాలు ఉండేవి. వెట్టి చేయని కులం లేదు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన కౌలు భూమిలో పండిన పంటను దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోబోతే ఆంధ్రమహాసభ సంఘం అండతో అడ్డుకుంది. 1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపు మీద దొర మనుషులు కాల్పులు జరిపితే దొడ్డి కొమరయ్య చనిపోయాడు. తెలంగాణ సాయుధ పోరాటానికి అదే నిప్పంటించింది.

హెచ్.జి. వెల్స్ 1895లో రాసిన 'టైమ్ మెషీన్' చదివినవాళ్ళకు ఈ అమరిక కొత్త కాదు. పైన వెలుతురులో ఆడుతూ పాడుతూ బతికే ఇలోయిలు, కింద చీకట్లో యంత్రాలు నడిపే మార్లాకులు. అందమైన తోటను చూసి మురిసే కాలయాత్రికుడికి ఆ తోటను నడుపుతున్నది ఎవరన్నది ఆలస్యంగా అర్థమవుతుంది. చెరువులో తామరలు, గుడి మీద మదనికలు చూసి మురిసే యాత్రికులు కూడా, కట్ట మట్టి మోసినవాళ్ళకు ఏం దక్కిందని ఒకసారి అడగాలి.

ఆ ప్రశ్న అడిగినవాళ్ళే పోరాటానికి దిగారు. సంఘం బలపడిన ఊళ్ళలో గ్రామరాజ్యాలు ఏర్పడ్డాయి. వెట్టి ఆగింది, దొరల మిగులు భూములు పంచారు, కూలి రేట్లు పెరిగాయి. జనగామ పల్లెల్లో కొన్నాళ్ళపాటు నిజంగానే మరో లోకం నడిచింది. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చింది, 1951 అక్టోబరులో పోరాట విరమణ జరిగింది. చాలా భూములు తిరిగి పాత చేతుల్లోకి పోయాయి. ఆ పోరాటంలోని లోపాలను వేరే ఎవరో చూపించాల్సిన పని లేకపోయింది. విరమించాలా వద్దా అన్న దగ్గర కమ్యూనిస్టు పార్టీలోనే చీలిక వచ్చింది. ఆ అనుభవంలో నీళ్ళకు సంబంధించి మిగిలిన లోటు ఒకటుంది. భూమి ఎవరిదన్నది తేల్చడానికి జనం ప్రాణాలిచ్చారు గానీ, గడీ పోయాక చెరువు బాగోగులు ఎవరు చూడాలన్నది ఊరు మళ్ళీ కూర్చుని తేల్చుకోవడానికి వ్యవధి దొరకలేదు. చెరువు సర్కారుదైంది. సర్కారుదంటే ఎవరిదీ కాదన్న లెక్కలోకి పోయింది. ఫీడరు కాలువలు పూడాయి, శిఖం భూములు కబ్జాల్లోకి పోయాయి.

ఆ ఖాళీలోకి బోరు వచ్చింది.

పొలంలో కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని నడిచి పాయింట్ చూపించే మనిషి, తమిళనాడు తిరుచెంగోడు నుంచి వచ్చిన రిగ్గు, రాత్రంతా రాయి తొలిచే చప్పుడు. జనగామ జిల్లాలో ఇది ప్రతి ఊరికీ తెలిసిన దృశ్యం. ఇంచున్నర నీళ్ళు పడితే పండగ. దుమ్ము లేస్తే అప్పు. కరువు తాలూకాగా పేరుపడ్డ చోట బోరు మొదట్లో నిజంగానే విముక్తి. దొర తూము దగ్గర నిలబడాల్సిన పనిలేదు, తైబందీలో తన పొలం ఉందో లేదో చూసుకోవాల్సిన పనిలేదు. చిన్న రైతుకు సొంత నీళ్ళు మొదటిసారి దక్కాయి. ఈ మాట మరిచి బోర్లను తిట్టడం అన్యాయం.

గ్రానైటు నేలలో మాత్రం నీళ్ళుండేది పైన పగుళ్ళు పట్టిన పొరలోనే. ఆ పొరను నింపేది చెరువు. చెరువు పూడిపోయాక పక్కపక్కన బోర్లు ఒకదాని నీళ్ళు ఒకటి తాగడం మొదలైంది. ఒకరు రెండు వందల అడుగులకు దిగితే పక్కవాడు మూడు వందలకు దిగాలి. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు కనుక రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. అర్ధరాత్రి కరెంటు రాగానే ఊళ్ళో మోటార్లన్నీ ఒక్కసారి లేచేవి. మడి నిండిందో లేదో చూసేవాళ్ళు ఉండరు. ట్రాన్స్‌ఫార్మర్లు కాలేవి, నీళ్ళు వృథా అయ్యేవి. 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత కరెంటు ఇవ్వబోయే ముందు ఆటో స్టార్టర్లు తీసేయండని ప్రభుత్వమే రైతులను బతిమాలాల్సి వచ్చింది. సైన్స్ ఫిక్షన్‌లో టెక్నాలజీ దుర్వినియోగమంటే సాధారణంగా ఒక పిచ్చి శాస్త్రవేత్త, ఒక నియంత కనిపిస్తారు. ఇక్కడ దుర్మార్గుడు లేడు. నిద్ర చాలని రైతు ఉన్నాడు. అతను చేసిన పని అతని మటుకు సబబే. అందరూ కలిసి చేస్తే అడుగున నీళ్ళు లేవు.

తెలుగు సినిమా కూడా ఇలాంటి లోకాలను ఊహించింది. 1991లో సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369'లో కాలయంత్రం శ్రీకృష్ణదేవరాయల కొలువు చూపించి, అక్కణ్ణుంచి 2504వ సంవత్సరానికి పోతుంది. అణుయుద్ధం తర్వాత మనుషులు నేలకింద బతికే రోజులవి. 2024లో నాగ్ అశ్విన్ తీసిన 'కల్కి 2898 ఏడీ'లో ఎండిపోయిన కాశీ మీద కాంప్లెక్స్ అనే కట్టడం వేలాడుతుంది. నీళ్ళు, పచ్చదనం అన్నీ పైన, కరువంతా కింద. ప్రేక్షకులకు అది భవిష్యత్తు. పైకి నీళ్ళు ఎత్తడం అన్నది మాత్రం తెలంగాణకు అప్పటికే వర్తమానం.

గోదావరి కింద పారుతుంది, పొలాలు పైన ఉన్నాయి. తెలంగాణ ఉద్యమంలో నీళ్ళు, నిధులు, నియామకాలు అన్న మూడు మాటల్లో మొదటిది నీళ్ళే. ఆ వాదనకు లెక్కలు కూర్చిన ప్రొఫెసర్ కొత్తపల్లి జయశంకర్ పేరే భూపాలపల్లి జిల్లాకు పెట్టారు. నదిలో తమ వాటా తమకు కావాలన్న కోరిక న్యాయమైనది. జనగామకు గోదావరి నీళ్ళు తేవడానికి రాష్ట్రం విడిపోకముందే దేవాదుల ఎత్తిపోతల పథకం మొదలైంది. ఏటూరునాగారం దగ్గర గంగారం వద్ద నదిలోంచి నీళ్ళు తోడి, పైపుల్లో, సొరంగాల్లో దశలు దశలుగా పైకి పంపుతారు. ఆ సొరంగం పనుల్లోనే 2011లో చలివాగు నీళ్ళు లోపలికి దూసుకొచ్చి కూలీలు చనిపోయారు. బొగ్దానోవ్ అంగారకుడి మీద ఊహించి రాసినది శాయంపేట దగ్గర జరిగింది.  దేవాదుల నీళ్ళు వచ్చిన చోట జనగామ చెరువులు నిండాయి, బోర్లు మళ్ళీ పోశాయి. ఇదీ అంతే నిజం, దీన్ని దాచిపెట్టకూడదు.

ఆ తర్వాత కాళేశ్వరం.

భూపాలపల్లి జిల్లా మహదేవపూర్ మండలంలో ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోట కాళేశ్వరం ఊరుంది. ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న ముక్తేశ్వరాలయం అక్కడి విశేషం. 2016 మే 2న అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు ఆ ఊరి దాపున కన్నెపల్లిలో పంపుహౌసుకు శంకుస్థాపన చేశారు. మూడేళ్ళకు, 2019 జూన్ 21న ప్రాజెక్టు ప్రారంభమైంది. అంతకుముందు ప్రాణహిత-చేవెళ్ళ పేరుతో తుమ్మిడిహట్టి దగ్గర కట్టాలనుకున్న దాన్ని, అక్కడ సరిపడా నీళ్ళు లేవనీ మహారాష్ట్ర ముంపుకు ఒప్పుకోవడం లేదనీ చెప్పి, కిందికి మేడిగడ్డకు మార్చారు. మేడిగడ్డ బ్యారేజీకి 85 గేట్లు, 16.17 టీఎంసీల నిల్వ. అక్కడ నీటిమట్టం సముద్రమట్టానికి 100 మీటర్లు. చివరన కొండపోచమ్మ సాగర్ 618 మీటర్ల ఎత్తున ఉంది. అంటే నదిని అర కిలోమీటరు పైకెత్తాలి.

కన్నెపల్లిలో ఒక్కోటి 40 మెగావాట్ల మోటార్లు 17 బిగించారు. మొత్తం 680 మెగావాట్లు. అదే జిల్లాలో చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ కేంద్రం రెండో దశ సామర్థ్యం 600 మెగావాట్లు. అది కాల్చేది సింగరేణి బొగ్గు. నేలలోంచి బొగ్గు తవ్వి, కాల్చి, కరెంటు చేసి, ఆ కరెంటుతో నదిని కొండెక్కించడం. ఇది మొదటి మెట్టు మాత్రమే, పైన ఇంకా పంపుహౌసులున్నాయి. లోవెల్ బతికుంటే ఫ్లాగ్‌స్టాఫ్ నుంచి చూడటానికి వచ్చేవాడు. ఇంత పనిని మూడేళ్ళలో పూర్తిచేసిన ఇంజనీర్ల, కూలీల శ్రమ గొప్పదనడానికి సందేహం అక్కర్లేదు.

అయితే ఈ మహాయంత్రానికి ఇంటిచోటు ఇచ్చిన జిల్లాకు దక్కింది తక్కువ. మహదేవపూర్, కాటారం తదితర మండలాల్లో సుమారు 45 వేల ఎకరాల కోసం అంతకుముందే తలపెట్టిన చిన్న కాళేశ్వరం ఎత్తిపోతల ఏళ్ళ తరబడి పూర్తికాకుండా ఉండిపోయింది. పెద్ద కాళేశ్వరం దాని పక్కనే లేచింది. బ్యారేజీల బ్యాక్ వాటర్ పొలాల్లోకి వస్తోందని మంథని, చెన్నూరు వైపు రైతులు మొత్తుకున్నారు. 2022 జూలై వరదకు కన్నెపల్లి, అన్నారం పంపుహౌసులు మునిగిపోయాయి. మోటార్లు బురదలో ఉన్న ఫొటోలు ఊరూరా తిరిగాయి.

2023 అక్టోబరు 21 సాయంత్రం మేడిగడ్డ దగ్గర పెద్ద చప్పుడు వినిపించింది. ఏడో బ్లాకులో పిల్లర్లు కుంగాయి. పైనున్న వంతెన వంగింది. తెలంగాణకూ మహారాష్ట్రకూ మధ్య దాని మీది రాకపోకలు ఆగాయి. నీళ్ళు కిందికి వదిలేశారు. జాతీయ డ్యాం భద్రతా సంస్థ నిపుణులు వచ్చి చూసి, ప్రణాళిక, డిజైను, నాణ్యత నియంత్రణ, నిర్వహణ అన్నిట్లోనూ లోపాలున్నాయని నివేదిక ఇచ్చారు. పునాది కింది ఇసుక నీళ్ళతో కొట్టుకుపోయి ఉంటుందన్నారు. చెరువు కట్ట మీద నీరటి వెతికిన బుంగ ఇదే. కాకపోతే ఇక్కడ అది నది అడుగున, కంటికి కనపడని చోట పడింది. 2024 ఫిబ్రవరిలో శాసనసభ ముందుకొచ్చిన కాగ్ నివేదిక, ప్రాజెక్టు ఖర్చు 1.47 లక్షల కోట్ల రూపాయలు దాటవచ్చనీ, పెట్టే ప్రతి రూపాయికీ వచ్చే లాభం 52 పైసలేననీ లెక్క వేసింది. ఒక బ్లాకు దెబ్బతింటే ప్రాజెక్టంతా కూలినట్టు కాదనీ, మరమ్మతు చేసి వాడుకోవచ్చనీ అప్పటి పాలకుల వాదన. జస్టిస్ పి.సి. ఘోష్ కమిషన్ విచారణ జరిపి 2025 జూలై 31న నివేదిక ఇచ్చింది. రాజకీయంగా ఈ తగవు ఇప్పట్లో తెగేది కాదు.

రామప్ప గుడి కూడా ఇసుక మీదే నిలబడిందని ఈ సందర్భంలో చాలామంది గుర్తుచేశారు. పునాది గుంతను ఇసుకతో నింపి దానిమీద గుడి కట్టారన్నది వాస్తు పరిశోధకుల మాట. పూర్వీకులు గొప్పవాళ్ళు, ఇప్పటివాళ్ళు చేతకానివాళ్ళు అనడానికి ఇది పనికిరాదు. నాలుగువైపులా బిగించిన ఇసుక బరువును మోస్తుంది. కింద నీళ్ళు కదిలే ఇసుక జారిపోతుంది. బ్యారేజీ కిందా ఇసుకను బంధించడానికి అడుగున గోడ కడతారు. ఆ గోడ సరిగ్గా ఉందా, గేట్లు ఎత్తినప్పుడు కింద పరిచిన కాంక్రీటు దిమ్మెలు కదిలాయా అని ప్రతి వరద తర్వాతా చూడాలి. ఆ చూడటం జరగలేదన్నదే నిపుణులు ఎత్తిచూపిన లోపాల్లో ఒకటి.

ఈ సంగతి వంద ఏళ్ళ కింద సాహిత్యంలో రాసి పెట్టినవాళ్ళు ఉన్నారు. ఆంద్రేయ్ ప్లతోనోవ్ రష్యాలో వొరోనెజ్ ప్రాంతంలో నీటిపారుదల ఇంజనీరుగా బావులు తవ్వించి, చెరువులు కట్టించిన మనిషి. విప్లవాన్ని మనసారా నమ్మినవాడు. 1927లో 'ఎపిఫాన్ లాకులు' అనే పెద్ద కథ రాశాడు. పీటర్ చక్రవర్తి ఆజ్ఞ మీద ఒక ఇంగ్లీషు ఇంజనీరు రెండు నదులను కలిపే కాలువ తవ్విస్తాడు. రైతులను బలవంతంగా పనికి తోలుతారు, వాళ్ళు పారిపోతుంటారు, చస్తుంటారు. నీళ్ళు పెంచాలని సరస్సు అడుగున బోరు వేస్తే, కింది బంకమట్టి పొరకు చిల్లు పడి ఉన్న నీళ్ళు కూడా ఇంకిపోతాయి. చివరికి కాలువలో పడవ తేలేంత నీళ్ళు లేవు. ఆ ఊరి ఆడవాళ్ళకు నీళ్ళు చాలవన్న సంగతి ముందే తెలుసు. వాళ్ళను అడిగినవాళ్ళు లేరు. బొగ్దానోవ్ కాలువ కట్టకముందే కల కన్నాడు. ప్లతోనోవ్ కాలువలు కట్టి వచ్చి రాశాడు. ఆ తేడా ప్రతి వాక్యంలో తెలుస్తుంది. తెలుగు ఇంజనీరింగ్ కాలేజీల్లో ఈ కథ చదివించాలి.

ఇంకొక కథ 1909లో ఇ.ఎం. ఫార్‌స్టర్ రాసిన 'యంత్రం ఆగిపోయింది'. మనుషులందరూ నేలకింద గదుల్లో ఉంటారు. బటన్ నొక్కితే తిండి, సంగీతం, వెలుతురు. యంత్రం తనను తాను బాగుచేసుకునే విభాగం కూడా యంత్రంలో భాగమే. ముందు సంగీతంలో అపశ్రుతి వస్తుంది. ఫిర్యాదు చేస్తారు, తర్వాత అలవాటు పడిపోతారు. పరుపులు రావడం ఆగుతుంది, దానికీ సర్దుకుంటారు. ఆఖరుకు బాగుచేసే విభాగమే పాడైందని తెలిసేసరికి, చేత్తో పని చేయగల మనిషి ఒక్కడూ మిగలడు. చెడ్డ పాలకుడి పీడ వల్ల కూలిన లోకం కాదది. బాగుచేసే పనిని చిన్నచూపు చూసి కూలింది. మేడిగడ్డ విషయంలో ఇదే అసలు నేరమని ఈ వ్యాసకర్త నమ్మకం. ప్రారంభోత్సవానికి గవర్నరు, ఇద్దరు పొరుగు ముఖ్యమంత్రులు వచ్చారు. వరద తర్వాత దిమ్మెలు ఎన్ని కదిలాయో లెక్కపెట్టడానికి ఎవరు వెళ్ళాలన్నది మాత్రం వార్త కాలేదు.

చెరువుల సంగతి మెరుగ్గా ఉందా అంటే, అదీ లేదు. 2023 జూలై 27 నాటికి ఒక్క రోజులో భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ జిల్లాలోనే మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరు మునిగింది. జనం మిద్దెలెక్కి హెలికాప్టర్ల కోసం చూశారు. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో వాన దెబ్బకు చెరువులు తెగాయి, ఆకేరు వాగు తండాలను ముంచింది. కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింది కంకర కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. విజయవాడ, కాజీపేట దారిలో రైళ్ళు ఆగిపోయాయి. గొలుసుకట్టుకు ఉన్న బలమే దాని బలహీనత. పై చెరువు తెగితే ఆ నీళ్ళన్నీ కింది కట్ట మీద పడతాయి. కాకతీయులు చూడని వానలు కావచ్చు ఇవి. వాళ్ళ కాలంలో మత్తడి కాలువకు అడ్డంగా ఇళ్ళ ప్లాట్లు కూడా లేవు.

2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయ రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువుల్లో పూడిక తీయాలని పెట్టుకుంది. మంచి పని. జనగామ, మహబూబాబాద్ ఊళ్ళలో ఒండ్రుమట్టి ట్రాక్టర్లకెత్తి రైతులు చేలకు తోలుకున్నారు. పూడిక తీసిన చెరువులు కొన్నేళ్ళు నిండుగా ఉన్నాయి. అయితే పని కాంట్రాక్టుది, బిల్లు రాగానే కాంట్రాక్టు ముగిసింది. తూము ఎవరు దించాలి, కట్ట మీద తుమ్మచెట్టు మొలిస్తే ఎవరు కొట్టాలి అన్నదానికి అంచనాల్లో చోటు లేదు.

నీరటి ఏమయ్యాడన్నది ఈ చరిత్రలో అందరూ దాటేసే భాగం. పటేల్ పట్వారీ వ్యవస్థ 1980లలో పోయాక, నీరటి, సుంకరి, మస్కూరి, కావలికారు పనుల్లో ఉన్న కుటుంబాలను కలిపి గ్రామ సేవకులన్నారు. తర్వాత గ్రామ రెవెన్యూ సహాయకులన్నారు. తండ్రి తర్వాత కొడుకు. జీతం కొద్దిపాటి గౌరవ వేతనం. పని మాత్రం తహసీల్దారు ఆఫీసు చాకిరీ నుంచి ఇసుక లారీలకు కాపలా దాకా. 2022లో వాళ్ళు నెలల తరబడి సమ్మె చేశారు. 2023లో ప్రభుత్వం ఇరవై వేల మందికి పైగా ఉన్న ఆ సహాయకులను వేర్వేరు శాఖల్లో సర్దింది. వెట్టి నీడ నుంచి వాళ్ళు బయటపడటం న్యాయం, ఆలస్యంగా జరిగిన న్యాయం. నీటిపారుదల శాఖలోకి కొందరు వచ్చారు. కాలువలు, తూములు చూసే పనికి అక్కడి పేరు లష్కర్.

2024లో ప్రభుత్వం లష్కర్ల కొరత గురించీ కొత్త నియామకాల గురించీ మాట్లాడటం మొదలుపెట్టింది. 2025లో ఘోష్ కమిషన్ నివేదిక మీద శాసనసభలో గంటల కొద్దీ చర్చ జరిగింది. లష్కర్ల మీద అంత చర్చ జరగాల్సిన అవసరం ఉంది. లష్కర్ ఏ ఊరివాడై ఉండాలి, ఎన్ని చెరువులు చూడాలి, బుంగ కనిపించిందని ఫోన్ చేస్తే ఇంజనీరు ఎన్ని గంటల్లో రావాలి, రాకపోతే ఎవరు జవాబు చెప్పాలి, అతని కుటుంబానికి ఆయకట్టులో ఒక మడి ఉండాలా వద్దా అన్నవి ఉత్తర్వుల్లోకి ఎక్కాల్సిన సంగతులు. వచ్చే జూన్‌లో వానలు మొదలయ్యేలోగా తేలాల్సినవి.